ఎదుటి కుర్చీ

ముందు మాటలు వినిపించాయి. మెట్ల దగ్గరే ఆగిపోయాను.

లోపల ఎవరో ఆడమనిషి మాట్లాడుతోంది. "అది కాదే, మొత్తం విను," అంటోంది. అవతలివాళ్లు ఏదో అన్నట్టు కాసేపు ఆగుతోంది. "ఏముంది, నాకప్పుడు అలా తోచింది," అని చిన్నగా నవ్వుతోంది. ఎండకి వాలిన పాదు లాంటి నవ్వు. ఇద్దరు మాట్లాడుకుంటుంటే మధ్యలో దూరడం ఎందుకని గోడ నీడలో నిలబడ్డాను. బందరు మధ్యాహ్నం. సముద్రం కనపడదు గానీ, గాలి తగిలిన చోటల్లా ఒళ్లు ఉప్పగా జిగురెక్కుతుంది. పది నిమిషాలు గడిచాయి. అవతలి గొంతు ఒక్కసారి కూడా వినపడలేదు.

నెత్తిన చేపల తట్టతో ఒకామె వీధి మలుపు తిరిగి వచ్చింది. గిలకలదిండి నుంచి రోజూ వస్తుందట, పేరు దుర్గ. నన్ను ఎగాదిగా చూసింది.

"లోపలెవరో ఉన్నారనుకుని ఆగారా?"

"మాటలు వినపడుతుంటేను."

"కుర్చీతో మాట్లాడతన్నారు. ఎల్లండి, కుర్చీ ఏమీ అనుకోదు."

లోపల నిజంగానే ఇంకెవరూ లేరు. కిటికీ పక్కన చిన్న బల్ల, దాని మీద ల్యాప్‌టాప్. బల్లకి ఇవతల ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ, ఖాళీగా ఉంది. దానికి ఎదురుగా నిలబడి ఉన్నావిడ తనూజ గారు. ముప్పై ఎనిమిదేళ్లు. కుడి మణికట్టుకి క్రేప్ బ్యాండేజీ. కళ్ల కింద నీడలు, ఎన్నోసార్లు మడిచి విప్పిన కాగితం మీది గీతల్లా ఉన్నాయి. నేను ఆ కుర్చీ వైపు కదలబోతే, "అందులో కాదండీ, ఇలా మంచం మీద కూర్చోండి," అన్నారు. ఏమీ అనుకోవద్దన్నట్టు వెంటనే మంచినీళ్లిచ్చారు.

రాసి బతికేవాళ్లలో పేరు లేనివాళ్ల గురించి రాద్దామని ఆవిడ దగ్గరికి వచ్చాను. తనూజ గారి పని బ్లాగులు రాయడం. టైల్స్ షాపు వాళ్లకి, రొయ్యల మేత అమ్మేవాళ్లకి, పెడన కలంకారీ చీరలవాళ్లకి, రెండు మూడు క్లినిక్కులకి. రాసేది ఈవిడ, మాట్లాడినట్టుండేది వాళ్లు.

"పళ్ల డాక్టరు గారి బ్లాగులో 'మా అమ్మాయి కూడా బ్రష్ చెయ్యనని మారాం చేసేది' అని ఉంటుంది చూడండి," అన్నారు. "ఆ అమ్మాయి లేదండీ. ఆయనకి ఇంకా పెళ్లే కాలేదు."

ఆవిడ నవ్వలేదు. అలసిపోయినవాళ్లు చెప్పే హాస్యానికి నవ్వు బాధ్యత వినేవాళ్లదే.

పుట్టింది కవుతరం దగ్గర. నాన్నగారిది వరి సేద్యం. ఎమ్మే తెలుగు చదివి, గుడివాడలో ఒక కాలేజీలో ఎనిమిదేళ్లు పాఠం చెప్పారు. తెలుగు తీసుకునే పిల్లలు లేక ఆ క్లాసులు ఎత్తేశారు. అప్పటికే భర్త రాజీవ్ బంటుమిల్లి వైపు చెరువుల నీళ్లు పరీక్షించే ల్యాబులో చేరి బందరులో ఇల్లు తీసుకున్నాడు. ఈవిడా వచ్చేశారు. విజయవాడలో శ్రీచరణ్ అనే కుర్రాయన ఊళ్లోని వ్యాపారస్థులందరికీ బ్లాగులు రాయించి పెడతాడని ఎవరో చెబితే, ఒకటి రాసి పంపారు. పంటి నొప్పి మీద. దానికి 'దంత సంరక్షణ ఆవశ్యకత' అని పేరు పెట్టారు.

శ్రీచరణ్ ఫోన్ చేశాడు. "మేడమ్, అంతా కరెక్టుగానే ఉంది. చదువుతుంటే నాకు పరీక్ష హాల్లో కూర్చున్నట్టు చెమటలు పట్టాయి. ఇంకొంచెం నేచురల్‌గా రాయండి. ఎవరితోనో మాట్లాడుతున్నట్టు."

"ఎవరితో అండీ?"

"ఎవరో ఒకరు. మీ ఇంట్లో ఎవరూ లేరా?"

ఉంది. చెల్లెలు లిఖిత. అక్క కంటే తొమ్మిదేళ్లు చిన్నది. అప్పట్లో బ్యాంకు పరీక్షలకి చదువుకుంటూ ఈ ఇంట్లోనే ఉండేది. ఆ ఎర్ర కుర్చీలో కాళ్లు రెండూ పైకి పెట్టుకుని కూర్చుని జంతికలు తినేది. తనూజ గారు రాసింది చదువుతుంటే మధ్యలో, "అంటే ఏంటక్కా?" అనేది. అక్క విసుక్కుని మామూలు మాటల్లో చెప్పేది. "మరి అదే రాయొచ్చుగా," అనేది చెల్లెలు. కొన్ని చోట్ల ప్రశ్న కూడా వేసేది కాదు, ఆవలించేది. ఆవలించిన చోట అక్క గీత పెట్టి కొట్టేసేది. అలా రెండేళ్లు. తనూజ గారి రాతలో ఎవరో ఎదురుగా ఉన్నట్టుంటుందని శ్రీచరణ్ మెచ్చుకునేవాడు. ఉంది కాబట్టే ఉన్నట్టుండేది.

తర్వాత లిఖితకి గుడివాడ సంబంధం కుదిరింది. కుర్చీ ఖాళీ అయింది. కొన్నాళ్లు ఫోన్లో చదివి వినిపించేది అక్క. గిన్నెలు తోముకుంటూనే, "ఆఁ, ఇక్కడ ఆవలించా," అనేది చెల్లెలు.

ఇక్కడిదాకా చెప్పి తనూజ గారు లేచి, ఆగిపోయిన ఫ్యాన్ రెక్కని కర్రతో తిప్పారు. అది నాలుగు చుట్లు తిరిగి మళ్లీ ఆలోచనలో పడింది.

పెళ్లయిన రెండో ఏట లిఖితకి ఒక కష్టం వచ్చింది. అదేమిటన్నది ఇక్కడ రాయడం లేదు. ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేదు, అక్కకి మాత్రం ఫోన్లో చెప్పింది. ఏడుపొస్తే మధ్యాహ్నం నీళ్ల మోటరు వేసుకుని, ఆ రొదలో ఏడుస్తున్నానంది. ఒకరోజు ఏడుస్తూ మోటరు సంగతి మర్చిపోతే, ట్యాంకు పొర్లి మెట్ల మీదుగా నీళ్లు హాల్లోకి వచ్చాయి. అత్తగారు అరుణకుమారి, "ధ్యాస ఎక్కడుంటుందమ్మా నీకు?" అని కేకలేసింది. అదీ చెప్పింది.

సరిగ్గా ఆ వారమే ఒక క్లినిక్‌కి అదే కష్టం మీద పోస్టు కావాలన్నాడు శ్రీచరణ్. తనూజ గారు కూర్చున్నారు. రెండు గంటల్లో అయిపోయింది. ఎక్కడా ఆగలేదు. పేరు లేదు, ఊరు లేదు, ఎవరో అమ్మాయి. కానీ మోటరు ఉంది. పొర్లిన ట్యాంకు ఉంది. లిఖిత ఎక్కడ మాట మింగిందో అక్కడ మూడు చుక్కలున్నాయి.

"తప్పని తెలియలేదా అంటే, తెలియలేదండీ," అన్నారు. "రాయడం బాగా వస్తున్నప్పుడు ఇంకేదీ తెలియదు. మొట్టమొదటిసారి ఆవలింత రాని పోస్టు రాశానని సంతోషపడ్డాను. మా లిఖితకి చదివి వినిపించనిది కూడా అదొక్కటే. ఎందుకు వినిపించలేదో ఆలోచిస్తే, తెలుసేమో కూడా."

ఆ పోస్టుని జనం విరగబడి చదివారు. వాట్సాప్‌లో గ్రూపు నుంచి గ్రూపుకి పాకి, నెల తిరక్కుండానే గుడివాడలో అరుణకుమారి గారి ఫోన్లోకి వచ్చింది. ఆవిడ హాల్లో కూర్చుని పైకి చదివారు. ట్యాంకు దగ్గరికి వచ్చేసరికి ఆగి, కోడలి వైపు తిరిగి, "మన ట్యాంకు సంగతి వీళ్లకెలా తెలిసిందమ్మా?" అన్నారు. అరవలేదు. అరిచి ఉంటే బావుండేదని లిఖిత అక్కతో అంది. ఆ ఫోన్లోనే ఇంకో మాట కూడా అంది: "అది అక్కడ ఉన్నంతకాలం నాతో మాట్లాడకు." ఇది జరిగి రెండేళ్లు.

తీసెయ్యమని తనూజ గారు బతిమాలారు. ఆ పోస్టు ఇప్పుడు క్లినిక్‌ది, ఈవిడది కాదు. "క్లినిక్‌కి సగం మంది అది చదివే వస్తున్నారు మేడమ్," అన్నాడు శ్రీచరణ్. మనిషి చెడ్డవాడు కాదు. వాళ్లతో మాట్లాడి ఒక ఒప్పందం తెచ్చాడు. దాన్ని మించి చదివించే పోస్టు ఇంకొకటి రాసిస్తే, పాతది ఆ రోజే తీసేస్తారు.

అప్పటి నుంచి రాస్తున్నారు. ముప్పై మూడు రాశారు. ఖాళీ కుర్చీని ఎదురుగా పెట్టుకుని, ముందు నోటితో చెప్పి, తర్వాత బ్యాండేజీ చేత్తో టైపు చేసి. కుర్చీ 'అంటే ఏంటక్కా' అనదు, ఆవలించదు. ముప్పై మూడూ బాగానే ఉన్నాయట. ఏదీ దాన్ని మించలేదు.

మధ్యలో రోజు పని ఎలాగూ ఉంటుంది. ఈ ఏడాది నుంచి అది కూడా మారింది. ముందుగా ఏఐ మిషన్ రాసేస్తుంది. దాన్ని మనిషి రాసినట్టు చెయ్యడం ఈవిడ వంతు.

"'అక్కడక్కడ కాస్త తడబడండి మేడమ్' అంటాడు శ్రీచరణ్. 'నిజం చెప్పాలంటే' అనీ 'ఏమో మరి' అనీ కలపమంటాడు. రోజుకి ఇరవైసార్లు తడబడతానండీ. సాయంత్రం రాజీవ్ వచ్చి కూర ఏం చేశావని అడిగితే, 'మనలో చాలామందికి ఈ సందేహం ఉంటుంది' అన్నాను మొన్న. ఆయన కంగారుపడి నా నుదురు ముట్టుకుని చూశారు."

మాఘమాసంలో ఒకరోజు ఉండబట్టలేక గుడివాడ ప్యాసింజరు ఎక్కారు. చెప్పాలనుకున్నదంతా కాగితం మీద రాసుకున్నారు. పెడన దాటింది, కవుతరం దాటింది. కోసిన చేలల్లో మినుము పచ్చగా పరుచుకుని ఉందట. తన ఊరి మీదుగా వెళ్తూ తలొంచుకుని ఆ కాగితమే దిద్దుకుంటూ కూర్చున్నారు. తలుపు తీసింది లిఖితే. కాగితం అందుకుని గుమ్మంలోనే చదివింది. మొదటి వాక్యం: 'మనందరి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు తెలియక చేసే పొరపాట్లు ఉంటాయి, కదూ?'

లిఖిత రెండో వాక్యం చదవలేదు. కాగితం నాలుగు మడతలు పెట్టి అక్క చేతిలో పెట్టింది.

"ఇంకొంచెం నేచురల్‌గా రాయక్కా."

అని లోపలికి వెళ్లిపోయింది. తలుపు వెయ్యలేదు. అరుణకుమారి గారు బయటికొచ్చి, "భోజనం చేసి వెళ్లమ్మా," అన్నారు ఎంతో మర్యాదగా. ఆ మర్యాద మోసుకుని తనూజ గారు స్టేషన్‌కి నడిచి వచ్చేశారు.

"మీరు మెట్ల దగ్గర నిలబడి విన్నది ముప్పై నాలుగోది," అన్నారు నాతో. "నేను చేసింది ఉన్నదున్నట్టు రాశాను. అక్క చెల్లెలి ఏడుపు తీసుకెళ్లి ఎలా అచ్చేసిందో. చాలా బాగా వచ్చింది. నాకు తెలుస్తుంది కదా. ఇది పంపితే ఆ పాతది పోతుంది, అనుమానం లేదు."

"పంపుతున్నారా?"

తనూజ గారు కుర్చీ వైపు చూశారు. కిటికీ ఊచల నీడలు దాని మీద పడి, ఎవరో చారల చీర విప్పి పడేసి వెళ్లినట్టుంది.

"ఇందులోనూ ఉన్నది మా లిఖితే కదండీ," అన్నారు. "ఈసారి దాన్ని అడుగుతాను. ఫోన్ ఎత్తదనుకుంటాను."

నంబరు నొక్కి, స్పీకరు పెట్టి, ఫోన్ ఎర్ర కుర్చీలో ఉంచారు. ఆరేడు మోతల తర్వాత అవతల గొంతు వినిపించింది.

"ఏంటి?" అక్కా అనలేదు.

"లిఖీ, స్పీకరులో ఉంది. ఇంట్లో ఒకరున్నారు, నా గురించి రాయడానికొచ్చారు. స్పీకరు తీసెయ్యమంటే తీసేస్తాను."

"ఉండనీ," అంది లిఖిత.

ఆ గొంతు వెనకాల ఒక రొద వినపడుతోంది. బరువుగా, విడవకుండా. తనూజ గారు ఫోన్ వైపు వంగారు. "మోటరు వేశావా?"

"నీళ్లకేలే. కంగారుపడకు."

తనూజ గారు ఆ ముప్పై నాలుగోది చదవడం మొదలుపెట్టారు. పాఠం చెప్పినట్టు కాదు, అమ్మినట్టు కాదు. తలొంచుకుని, కుర్చీ ముందు నేల మీద కూర్చుని. ఒకచోట నీళ్లు తాగి మళ్లీ అక్కడి నుంచే అందుకున్నారు. అందులో ఏమున్నదన్నది కూడా నేను రాయకూడదు. చదవడం అయిపోయాక ఆ గదిలో మోటరు ఒక్కటే మిగిలింది.

"లిఖీ?"

"వింటున్నా. ఎక్కడా ఆవలింత రాలేదు."

"ఇది పంపితే అది తీసేస్తారే."

"తెలుస్తోంది. పంపకు."

"మరి పాతది?"

"పడి ఉండనీ. దాన్ని దింపడానికి మళ్లీ నన్నే ఎక్కించాలా?" కోపం లేదు ఆ మాటలో. కోపం పట్టుకుని ఉండీ ఉండీ చేతులు నొప్పి పుట్టినట్టుంది. "ఈసారి అడిగావుగా. చాల్లే."

తనూజ గారు బ్యాండేజీతోనే కళ్లు తుడుచుకున్నారు. "దానికోసమే ముప్పై మూడు..."

"చదివాను."

"ఏవి?"

"అన్నీ. నీవేవో నాకు తెలియవా? పళ్లది అస్సలు బాలేదు."

తనూజ గారు నా వైపు చూసి, మళ్లీ ఫోన్ వైపు తిరిగారు. "వీరికి నీ సంగతి చెప్పేశాను లిఖీ. మళ్లీ అదే చేశాను. మోటరు సంగతి కూడా."

అవతల నిట్టూర్పు. "మోటరు రాసుకోమను. మా అత్తగారు ఎలాగూ చదివేశారు. అసలు సంగతి మాత్రం వద్దు." తర్వాత, "ట్యాంకు నిండొచ్చింది. ఉంటానక్కా."

ఫోన్ పెట్టేసే ముందు మోటరు ఆగడం విన్నాం. ఆ తర్వాత క్షణంసేపు అక్కడి నిశ్శబ్దం ఇక్కడి కుర్చీలో కూర్చుంది. ఏడుపు ఉంటే వినపడి ఉండేది. లేదు.

తనూజ గారు ల్యాప్‌టాప్ మూశారు. వెంటనే శ్రీచరణ్ ఫోన్ వచ్చింది, మేత కంపెనీ పోస్టు సంగతేమిటని. "గంటలో పంపుతానండీ. ఆఁ, తడబడతాను," అని పెట్టేశారు. పాత పోస్టు ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. వీధిలో దుర్గ తట్ట ఖాళీ చేసుకుని తిరిగి వెళ్తోంది.

మెట్ల దాకా వచ్చి సాగనంపారు. నేను చెప్పులు వేసుకుంటుంటే, రాశాక పంపిస్తాను, ఒకసారి చూడండని అన్నాను. ఆవిడ వద్దన్నట్టు తలూపి, గుమ్మానికి ఆనుకున్నారు.

"నాకు కాదండీ, మా లిఖితకి చదివి వినిపించండి. ఆవలించిన చోట కొట్టేయండి."