పదిహేడో ఆకు

ఫ్యాక్టరీలో నా పని కొలతలు సరిచూడడం. లోహపు కడ్డీని వేలితో నిమిరి, నునుపు సరిపోయిందో లేదో పరికరం కంటే ముందే చెప్పేవాణ్ని. ఈ ప్రతిభ గురించి అందరికీ చెప్పిందీ నేనే. ఒక మధ్యాహ్నం యంత్రం తలుపు నా కుడిచేతి మీద పడింది. వేళ్ళు మిగిలాయి కానీ బొటనవేలికీ చూపుడువేలికీ స్పర్శ పోయింది. తిరిగి వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేమన్నారు డాక్టరు. రాకపోతే స్టోర్‌రూమ్‌లో కుర్చీ సిద్ధంగా ఉందని మేనేజరు చాలా దయగా చెప్పాడు.

ఫిజియోథెరపీ ఆవిడ రోజూ బియ్యం, దూది, గరుకు కాగితం తాకమంది. చేత్తో ఏదైనా తయారు చేయమని కూడా అంది. నేను ముందు పట్టిక తయారు చేశాను. వస్తువు, సమయం, స్పర్శకు పదికి ఎన్ని మార్కులు. ఫ్రిజ్‌కు అంటించాను. మూడు వారాలు అన్నీ సున్నాలే.

అమ్మమ్మ దాని ముందు నిలబడి చాలాసేపు చూసింది. "ఏట్రా ఇది, లాటరీ నంబర్లా? అన్నీ సున్నాలైతే ఎవుడు డబ్బులు కడతాడ్రా?"

అమ్మమ్మ ముప్పై ఏళ్ళు ఎస్టేట్‌లో పాల కోసం రబ్బరు చెట్లు గీసింది. మా ఊరు బంటింగ్‌లో వరుస ఇళ్ళ వెనక ఎవరూ గీయని పాత చెట్లు ఆరు మిగిలాయి. సాయంత్రం నడక పేరుతో నన్ను అటు లాక్కుపోయేది. అక్కడి కాలువలో ఒకరోజు కుళ్ళిన ఆకు దొరికింది. కండంతా పోయి ఈనెలే మిగిలాయి. సర్క్యూట్ బోర్డు కూడా అంత శుభ్రంగా ఉండదు. ఇరవై ఆరేళ్ళు ఈ చెట్ల పక్కనే పెరిగి, ఒక్క ఆకునైనా నేను సరిగా చూడలేదు. ఇలాంటివి చేసి ఫ్రేము కట్టాలనుకున్నాను.

పద్ధతి సులువే. ఆకుల్ని నీళ్ళలో కొన్ని వారాలు నానబెట్టి, మెత్తబడ్డ కండను పాత టూత్‌బ్రష్‌తో తీసెయ్యాలి. ఇరవై ఆకులకు నంబర్లు వేశాను. నేను బకెట్ మూత తీసినప్పుడల్లా అమ్మ ముక్కు మూసుకుని కిటికీలు తెరిచేది.

మొదటి ఆకు చిరిగింది. రెండోదీ అంతే. ఎంత గట్టిగా నొక్కుతున్నానో వేలికి తెలియదు. ఈనె తెగాక కంటికి తెలుస్తుంది. పదో ఆకు దాకా నోట్‌బుక్‌లో ఒకటే మాట: చిరిగింది.

"ముప్పై ఏళ్ళు ఈ ఆకుల్ని తొక్కినాను," అంది అమ్మమ్మ. "ఒక్కటీ ఇన్ని బాధలు పడనేదు."

"అయితే నువ్వు చేసి చూపించు అమ్మమ్మా."

కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, కళ్ళు మూసుకుని బ్రష్ అందుకుంది. పదకొండో ఆకు చిన్న చిరుగు కూడా లేకుండా బయటపడింది. నాకు కొంచెం కోపం వచ్చింది.

"కత్తి లోతుకి దిగిపోతే సెట్టుకి దెబ్బ. దిగనేదనుకో, పాలు రావు. తెల్లారగట్ల సీకట్లో గీసీవోళ్ళం. సెయ్యే సెప్పాలి."

"నా చెయ్యి చెప్పడం లేదు కదా."

"నువ్వు దాన్ని సెప్పనిస్తేగా? బుక్కు తీసి రాసీస్తావు లా." మా ఊళ్ళో అందరిలాగే మాట చివర "లా" తగిలించింది.

మర్నాడు చెట్టు దగ్గర బెరడు మీది బొడిపెలు చూపించింది. "ఇది సూడు. ఎవుడో నీలాటోడే గీసినాడు." కత్తి లోతుగా దిగిన చోట బెరడు ముద్దలుగా మళ్ళీ పెరిగింది. "అందంగా రానేదు. వచ్చినాది గదా." నా ఎడమచేతిని దాని మీద పెట్టింది, తర్వాత కుడిచేతిని. రోజూ అలాగే ముట్టమంది. నోట్‌బుక్ ఇంట్లో పెట్టి రమ్మంది.

అది కష్టమైంది. మనసులోనే రాసుకున్నాను. ఎడమచేతికి చల్లదనం, గరుకు, ఒక చీమ. కుడిచేతికి ఏమీ లేదు. చీమ ఉందని కళ్ళు చెప్పాయి. కానీ కొన్నాళ్ళకు, ఎండ ఏ చెట్టుకు ముందు తగులుతుందో, ఏ చెట్టు బెరడు తడి ఆలస్యంగా ఆరుతుందో, రాయకుండానే గుర్తుండిపోయింది.

పదిహేడో ఆకును కళ్ళు మూసుకుని మొదలుపెట్టాను. సగం అయ్యాక వేలి కింద ఏదో సన్నగా బిగిసినట్టయి, చటుక్కున వదులైంది. కళ్ళు తెరిచాను. నడిమి ఈనె తెగి ఉంది.

నేను పెట్టిన కేకకు అమ్మమ్మ వంటింట్లోంచి వచ్చింది. "ఏటయ్యిందిరా? ఆకు సింపీసి గెంతుతావేటి?"

"తెగుతుంటే తెలిసింది అమ్మమ్మా! చూడకముందే తెలిసింది."

అమ్మమ్మ నా వేలు పట్టుకుని గోటితో నొక్కింది. "ఇది?"

"కొంచెం."

"కొంచెం అంటే ఏటి? పదికి ఎంత?"

"ఒకటి."

పదికి ఒకటి వస్తే ఫ్యాక్టరీలో నా బల్ల దగ్గరికి రానివ్వరని నాకు తెలుసు. స్టోర్‌రూమ్ కుర్చీ ఇంకా నా కోసమే ఉంది. అయినా పెన్ను అడిగింది అమ్మమ్మ. ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి, నేను స్కేలుతో గీసిన గడిలోంచి సగం బయటికి వచ్చేలా వంకరగా ఒకటి వేసి, వెనక్కి జరిగి చూసింది.

"ఇప్పుడు కట్టొచ్చు లా, ఈ నంబరు."