రుద్రంగి దారిలో ఆగిన జీపు

జగిత్యాల ఇంకా కరీంనగర్ జిల్లాలోనే ఉన్న రోజుల్లో, నా సర్వీసు చివరి భాగంలో, అక్కడి ప్రభుత్వ వాహనాల వర్క్‌షాపుకు ఫోర్‌మన్‌గా బదిలీ అయ్యాను. ఫోర్‌మన్ అంటే మెకానిక్కులకు పైన, అసిస్టెంట్ ఇంజనీరుకు కింద. బండి ఎందుకు చెడిపోయిందో రిపోర్టు మీద సంతకం పెట్టేది ఇంజనీరే అయినా, అందులో ఉండేది మేము చెప్పిన మాటే. గొప్ప కోసం చెప్పడం లేదు. గొప్పే అని మీరు అనుకున్నా నాకేం అభ్యంతరం లేదు.

వేసవి చివర్లో సిరిసిల్ల నుంచి పశువైద్య శాఖ జీపు ఒకటి మా దగ్గరికి వచ్చింది. పాత పెట్రోల్ జీపు. అప్పటికే ఆఫీసులన్నీ డీజిల్ బండ్లకు మారిపోయాయి కాబట్టి కుర్ర మెకానిక్కులు దాన్ని ముసలమ్మను చూసినట్టు చూసేవారు. నాకు మాత్రం ప్రాణం లేచివచ్చింది. నేను పని నేర్చుకున్నది ఆ ఇంజన్ మీదే.

దాని డ్రైవరు రాజేశం. సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు నడిపే ఇంటివాడు. అన్నదమ్ములంతా బట్ట నేస్తుంటే ఇతనొక్కడే స్టీరింగ్ పట్టాడు. అతను చెప్పిన జబ్బు ఇది. పొద్దున సెల్ఫ్ కొట్టగానే ఇంజన్ అందుకుంటుంది. కోనరావుపేట దాకా హాయిగా వెళ్తుంది. రుద్రంగి వైపు తండాల ఎత్తు ఎక్కేసరికి దగ్గి, గుంజి, ఆగిపోతుంది. ఇంజన్‌కు పెట్రోల్ అందించే పంపు వేడెక్కిందనుకుని, దాని మీద తడి గుడ్డ వేసి కాసేపు ఆగితే మళ్ళీ కదులుతుంది. వెనక ఐసు పెట్టెలో పశువులకు వేసే గొంతువాపు టీకా మందు ఉంటుంది. వానలు పడకముందే వేయాలి. దారిలో ఐసు కరిగితే మందు పారబోయడమే.

బయటి మెకానిక్కులు కార్బురేటర్ విప్పి కడిగారు, కాయిల్ మార్చారు, పంపు కొత్తది వేశారు. జీపు తన అలవాటు మానలేదు. అన్నీ అయ్యాక అనుమానం పెట్రోల్ మీదికి, అక్కడి నుంచి రాజేశం మీదికి మళ్ళింది. పెట్రోల్ అమ్ముకుని కిరోసిన్ కలుపుతున్నాడని ఆఫీసులో ఎవరో అంటే, ఆ మాట పై అధికారుల దాకా పోయింది. జీపుతో పాటు ఆ ఆఫీసు పశువుల డాక్టరమ్మ కూడా స్వయంగా వచ్చారు. నన్ను పక్కకు పిలిచి, "సార్, ఈయన గసొంటి మనిషి కాదని నాకు తెలుసు. కని నా నమ్మకం పైవాళ్ళకు పనికిరాదు. కల్తీ ఉంటె ఉన్నదనే రాయుండ్రి, సస్పెండ్ చేస్తరు. లేకుంటె ఎందుకు ఆగుతున్నదో మీరే చెప్పాలె" అన్నారు. న్యాయమైన మాట. రాజేశం దూరంగా నిలబడి నేల చూస్తున్నాడు. సొంత ఊళ్ళో దొంగ అనిపించుకున్నవాడి ముఖం ఎలా ఉంటుందో ఆ రోజు చూశాను.

పెట్రోల్ ఇంజన్‌కు మూడు కావాలి: స్పార్కు, పెట్రోల్, కంప్రెషన్. కంప్రెషన్ అంటే పిస్టన్ లోపలి మిశ్రమాన్ని నొక్కే బలం. ముందుగా డ్రైవరు సీటు కింది ట్యాంకు మూత తీసి బల్ల మీద పెట్టి, పెట్రోల్ నమూనా తీయించాను. తెల్ల కాగితం మీద చుక్క వేస్తే మరక లేకుండా ఆరిపోయింది. సాంద్రత కూడా సరిగానే ఉంది. ప్లగ్గులు, డిస్ట్రిబ్యూటర్ పాయింట్లు, కండెన్సర్ అన్నీ బాగున్నాయి. కంప్రెషన్ నాలుగు సిలిండర్లలో సమానంగా ఉంది. ఇంజన్‌ను షెడ్డులో మధ్యాహ్నం దాకా నడిపించినా ఒక్కసారి దగ్గలేదు.

మా సీనియర్ మెకానిక్ చేతులు తుడుచుకుంటూ, "బండ్ల ఏం లేదు సార్. దారిల మంచి పెట్రోల్ పోయించుకొని అచ్చిండు, గంతే" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఆగేది దారిలో అయితే షెడ్డులో నడిపి తీర్పు చెప్పడమేమిటి? మూత బిగించమని, రాజేశాన్ని స్టీరింగ్ ముందు కూర్చోమన్నాను. నేను పక్కన, డాక్టరమ్మ వెనక. కోరుట్ల రోడ్డు పట్టాం. నన్ను చూసి జాగ్రత్త పడొద్దని, రోజూ నడిపినట్టే నడపమని చెప్పాను.

కోరుట్ల దగ్గర పడుతుండగా జీపు దగ్గింది. గుంజింది. ఆగింది. నిజం చెప్పాలంటే నాకు సంతోషమే అయింది. జబ్బు కళ్ళ ముందుకు వచ్చాక ఇక భయమేముంది! రాజేశం అలవాటుగా తడి గుడ్డ అందుకున్నాడు. "ఇయ్యాల గుడ్డ వద్దు" అన్నాను.

బానెట్ ఎత్తాను. స్పార్కు బలంగా ఉంది. కార్బురేటర్‌కు వెళ్ళే పైపు విప్పి సెల్ఫ్ కొట్టించాను. చుక్క పెట్రోల్ రాలేదు. పంపు మీద చెయ్యి ఆన్చి చూశాను, చెయ్యి తీయనవసరం లేనంత వేడే ఉంది. అంటే వేడి కారణం కాదు. పంపు కొత్తది, ట్యాంకులో పెట్రోల్ ఉంది. మరి షెడ్డులో ఆగనిది ఇక్కడెందుకు ఆగింది? షెడ్డుకూ రోడ్డుకూ తేడా ఏమిటని వెతికితే ఒక్కటే తేలింది. అక్కడ ఇంజన్ నడిచినంతసేపూ ట్యాంకు మూత బల్ల మీదే ఉంది.

రాజేశాన్ని లేపి మూత తిప్పాను. సుయ్‌మని గాలి లోపలికి పోయిన చప్పుడు ముగ్గురం విన్నాం. సెల్ఫ్ కొట్టమన్నాను. కొన్ని తిప్పులకే పైపులోంచి పెట్రోల్ చిమ్మి నా చొక్కా తడిపింది. తడిసినందుకు గర్వపడ్డ చొక్కా నా సర్వీసులో అదొక్కటే.

ట్యాంకులోంచి పెట్రోల్ బయటికి పోవాలంటే ఆ మేరకు గాలి లోపలికి రావాలి. అందుకే మూతకు చిన్న తూటు ఉంటుంది. మూత తిరగేసి చూస్తే, సైకిల్ ట్యూబును గుండ్రంగా, ముచ్చటగా కత్తిరించి ఆ తూటు మీద వాషరులా బిగించి ఉంది. ఎవరు పెట్టారని అడిగాను.

"నేనే పెట్టిన సార్" అన్నాడు రాజేశం. "బండి మా కార్ఖాన పక్కన్నే పెడ్త. సాంచాలు నడుస్తుంటె నూలు నూగు లేసి అన్నిట్ల పడ్తది. ఒకపారి కార్బురేటర్ల సుత నూగు దొరికింది. పెట్రోల్ల పడొద్దని మూసిన. మా ఇంట్ల మూత లేకుంట మంచినీళ్ళ బిందె సుత ఉండది."

ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదన్నాను.

"ఏం చెడగొట్టినవని అడిగిండ్రు సార్ అందరు. గిది చెడగొట్టుడు కాదు గద."

కొత్తలో ఆ రబ్బరు పక్కల నుంచి కొంత గాలి దూరేది. పెట్రోల్ తగిలి ఉబ్బేకొద్దీ బిగుసుకుపోయింది. తడి గుడ్డ వేసి ఆగినంతసేపట్లో కాస్త గాలి చేరేది, బండి కదిలేది, పేరు గుడ్డకు వచ్చేది. రబ్బరు పీకేసి, కోరుట్లలో సన్నటి ఇత్తడి జాలీ ముక్క కొని తూటుకు బిగించాను. నూగు రాదు, గాలి ఆడుతుంది. అక్కడితో తిరిగి రావచ్చు. కానీ నేను జీపును రుద్రంగి వైపు పోనిమ్మన్నాను. ఏ ఎత్తులో రోజూ ఆగేదో ఆ ఎత్తంతా ఒక్క దమ్ములో ఎక్కింది. పైన బండి ఆపాక, డాక్టరమ్మ మర్నాడు పొద్దున్నే టీకాలకు రమ్మని రాజేశానికి చెప్పారు.

అతను తలూపాడు. నావైపు తిరిగి, "మా ఇంటిది గూడ అడిగింది సార్, నిజంగనే కలుపుతున్నవా అని" అన్నాడు.

రిపోర్టులో మొదటి వాక్యం 'పెట్రోల్‌లో కల్తీ లేదు' అనే ఉండాలని పట్టుబట్టాను. జబ్బు, మందు రెండో వాక్యం నుంచి. ఇంజనీరు అక్షరం మార్చకుండా సంతకం పెట్టారు.

రిటైరయ్యేదాకా ఆ తర్వాత ఏ బండి వచ్చినా, డ్రైవరును ఏం చెడగొట్టావని అడగలేదు. "బండి మంచిగుండాలని నువ్వేం చేసినవ్?" అని అడిగేవాణ్ణి. చాలాసార్లు జబ్బు ఆ జవాబులోనే దొరికేది.