మోచేత్తో చూసిన చెరువు

ఎండాకాలం సెలవుల్లో పిల్లల్ని సూళగిరి దగ్గర చెరువుకు తీసుకెళ్తే, మా అత్త ముందుగా నీళ్లలో మోచెయ్యి ముంచేది, చంటిబిడ్డకు స్నానం పోసేముందు చూసినట్టు! మండుటెండకు చెరువంతా కాగిపోతున్నా సరే, ఆమె "ఇంగ దిగండప్పా" అనేదాకా ఎవరూ కదలకూడదు. తాను మాత్రం ఎన్నడూ దిగలేదు. "నాకు సలేస్తాది" అనేది.

ఒకరోజు నా ఐదేళ్ల కూతురు తన మోచెయ్యి ముంచి, కళ్లు మూసుకుని, గంభీరంగా చెప్పింది.

"వెచ్చగా ఉండాది. ఇంగ దిగవ్వా."

తను పెట్టిన చట్టమే కదా, అత్త దిగక తప్పలేదు. దిగగానే చీర బూరెలా పొంగింది. పిల్లలు కేకలు పెడుతూ ఆమె చుట్టూ నీళ్లు చిమ్మారు. పొద్దువాలాక మేం గట్టు మీంచి ఇక పైకి రమ్మని బతిమాలితే, అత్త మళ్లీ మోచెయ్యి ముంచి చూసింది.

"ఉండండమ్మా, ఇంకా సల్లారలేదు!"