బావురుపిల్లి కనిపించిన సాయంత్రం

అమ్మ తుంటి ఎముక విరిగినప్పుడు నేను ఆర్మూర్‌కు తిరిగివచ్చాను. పసుపు ఆరబోసిన కల్లంలో ఆమె కాలు జారి పడింది. అన్న దుబాయ్‌లో ఉన్నాడు. వదిన పురిటికి మోర్తాడ్‌లోని పుట్టింటికి వెళ్లింది. "అమ్మ లేచి నడిచేదాక జర ఉండు చెల్లే," అన్నాడు అన్న ఫోన్‌లో. ఒక సంచిలో పట్టేన్ని బట్టలతో వచ్చాను. ఆపరేషన్ చేసిన కాలు కుదురుకోలేదు. అమ్మ లేవలేదు.

అంతకుముందు నేను గోదావరి సముద్రంలో కలిసే చోట, మడ అడవుల పక్కన ఒక చిన్న సంస్థలో పనిచేసేదాన్ని. మేం ముగ్గురమే: సంస్థ పెట్టిన అక్క, పడవ నడిపే ఆయన, నేను. బడిపిల్లలను పడవెక్కించి పాయల్లోకి తీసుకెళ్లి, బురద మీద గెంతే చేపలను, నీటికుక్కలను, ఒక డెక్క మాత్రం పెద్దదిగా ఉండే ఎర్ర పీతలను చూపించేవాళ్లం. వాటి గురించి చెప్పడం నా వంతు. నలుగురి ముందు అక్కకు గొంతు పెగలదు.

నేను ఊళ్లో ఇరుక్కుపోయాక ఉపాయం అక్కే చెప్పింది. ఆమె పడవలోంచి ఫోన్‌లో చూపిస్తుంది, నేను ఇక్కడినుంచి మాట్లాడతాను, పిల్లలు తమ బడిలో తెర మీద చూస్తారు. అమ్మను చూడవచ్చేవాళ్ల సందడి వినపడనిది మా ఇంట్లో పసుపు బస్తాలు పెట్టిన వెనక గది ఒక్కటే. దానికి కిటికీ లేదు. మూడు వైపులా బస్తాలు, మధ్యలో స్టూలు మీద నేను. దుమ్ముకు దగ్గు వస్తుంటే ఆపుకుంటూ, "చూడండి, పోటు వస్తోంది, నీళ్లు ఎదురెక్కుతున్నాయి," అని చెప్పేదాన్ని. అమ్మ పిలిస్తే వినపడాలని తలుపు ఓరగా తెరిచి ఉంచేదాన్ని.

అక్కడున్నన్నాళ్లూ నేను బావురుపిల్లి కోసం ఎదురుచూశాను. మిగతా పిల్లులు నీళ్లంటే జడుస్తాయి, ఇది నీళ్లలోకి దిగి చేపలు పడుతుంది. బురదలో దాని అడుగులు చూశాను గానీ దాన్ని ఎప్పుడూ చూడలేదు.

ఒక సాయంత్రం నేను మాట్లాడుతుండగా పడవ మోటారు ఆగింది. "అమ్మాయ్, ఎడమ గట్టు మీద... అదే! దిగుతోంది," అంది అక్క గుసగుసగా.

నా తెర మీద బొమ్మ బిగుసుకుపోయింది. మడచెట్టు వేళ్లు, ఒక మూల అక్క బొటనవేలు. మాటలు మాత్రం వస్తున్నాయి. నీళ్ల చప్పుడు, ఆ వెంటనే పిల్లల కేకలు: "చేపను పట్టేసింది!"

ఫోన్ ఎత్తిపట్టి తలుపు దగ్గరికి పరుగెత్తాను. అప్పుడే అమ్మ పిలిచింది. "బిడ్డా, జల్ది రావే."

కాసేపు ఆగమనదగ్గ పిలుపు కాదు అది. ఫోన్ బస్తా మీద పెట్టి వెళ్లాను. బెడ్‌పాన్ పెట్టి, తీసి, ఆమెను శుభ్రం చేసి పక్కకు తిప్పి వచ్చేసరికి తెర నల్లగా ఉంది. మళ్లీ అమ్మ దగ్గరికే వెళ్లి కూర్చున్నాను.

"గా పిల్లి పోయిందా?" అంది. ఇన్నాళ్లూ నా పాఠాలు వింటోందని నాకు తెలియదు.

"పోయింది."

"నేను పిలువకపోతే చూస్తుంటివి."

"లేదమ్మా, సిగ్నల్ లేకుండె."

"నన్ను గీ మంచానికి కట్టేసిండు దేవుడు, నిన్ను తెచ్చి నాకు కట్టేసిండు. ఎవలన్న మనిషిని పెట్టుమని మీ అన్నకు చెప్త."

మర్నాడు నిజంగానే చెప్పింది. స్పీకర్‌లో అన్న గొంతు గదంతా వినపడింది. "పైసలకు ఫికర్ లేదమ్మా. కని బయటి మనిషి నిన్ను సొంత బిడ్డ లెక్క చూస్తదా?"

అమ్మ నా వైపు చూసింది. చూస్తదని నేను అనలేకపోయాను. ఆమె ఫోన్ పెట్టేసి గోడ వైపు తల తిప్పుకుంది.

తర్వాతి పాఠంలో ఒక పాప అడిగింది, "మేడం, మీరు కూడా చూశారా?"

"నేను చూడలేదు, మీరే చెప్పండి," అన్నాను. అందరూ ఒక్కసారే మొదలుపెట్టారు. తోక పొట్టిదన్నారు, కాదు పొడుగన్నారు. తల మొత్తం నీళ్లలో ముంచిందని ఆ పాప పట్టుబట్టి చెప్పింది. అక్క నవ్వుతూ వింటోంది.

నా చోట ఇంకొకరిని తీసుకోవాలా అని అక్క ఇప్పటికీ అడగలేదు. తీసుకోమని నేనూ అనలేదు.