మా అమ్మాయి వాళ్ళ నాన్నకి టోపీ పెట్టింది

ఈ రోజు మధ్యాహ్నం మా అమ్మాయి సాహితి వాళ్ళ నాన్నకి టోపీ పెట్టింది. నిజం టోపీయే, లోపలంతా సెన్సర్లు. మెదడు సిగ్నల్స్‌ని బట్టి మనిషి సంతోషంగా ఉన్నాడో, బాధగా ఉన్నాడో కంప్యూటర్‌తో చెప్పించడం దాని కాలేజీ ప్రాజెక్ట్. బట్టతల మీదయితే సెన్సర్లు చక్కగా ఆనుకుంటాయని ఆయన్ని పట్టుకుంది.

ఇక్కడ నేపర్‌విల్ ఊళ్ళో మా డైనింగ్ టేబుల్ దగ్గర ఆయన బుద్ధిగా కూర్చుని, ఒక్కో వీడియో చూసి ఏమనిపించిందో ఫామ్‌లో టిక్ పెట్టారు. కామెడీకీ, ఏడుపు సీనుకీ ఒకటే మొహం. కంప్యూటర్ కూడా పాపం అన్నిటికీ "ప్రశాంతం" అనే చెప్పింది.

చివరి వీడియో మా ఇంటిదే. కిండర్‌గార్టెన్ మొదటి రోజు సాహితి పసుపు బస్సెక్కి, వెనక్కి కూడా చూడకుండా వెళ్ళిపోతుంది. ఆయన మొహం మారలేదు. "హ్యాపీ" అని టిక్ పెట్టారు.

"నాన్నా, కంప్యూటర్ శాడ్ అంటుంది. నువ్వు హ్యాపీ టిక్ చేశావు. ఏది కరెక్ట్?"

"రెండూ కరెక్టే అమ్మా. ఒక్కటే టిక్ చేయమన్నావు కదా."

అది వెనకనుంచి ఆయన మెడ చుట్టూ చేతులు వేసింది. స్క్రీన్ మీద గీతలన్నీ పిచ్చిపిచ్చిగా ఎగిరాయి.

"డోంట్ మూవ్ నాన్నా, డేటా పాడైపోతుంది," అంటూ ఏడ్చింది మాత్రం అదే.

పాతికేళ్ళ కాపురంలో నేనయితే ఆయన కాఫీ కప్పు కింద పెట్టే చప్పుడుని బట్టే మూడ్ ఊహించుకుంటున్నాను. మీ ఇళ్ళల్లో ఏ మెషిన్ వాడుతున్నారో చెప్పండి.