ముప్పై ఏడు శాతం దగ్గర ఆగిన ప్రాణాలు

ఇవాళ మధురవాడ ఆఫీసులో ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు. డిస్క్ తనిఖీ జరుగుతోంది, ఆపవద్దు అని. బటన్ మీంచి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. మన బ్యాచ్ వాళ్లకి గుర్తుందా బావా, ఆ శాతాల నరకం?

మాది చేపల వేట ఇల్లు. అక్క చదువు కోసం కొన్న పాత కంప్యూటర్ మీద అమ్మ కుట్టిన పూల గుడ్డ ఉండేది. ఆరో తరగతి వీరుడినైన నేను ఓ ఉదయం ఆటలో ఓడిపోయి, ఫ్యాన్ ఆపినట్టు గోడ స్విచ్ నొక్కేశాను. అక్క వచ్చి ఆన్ చేస్తే, అర్ధంతరంగా ఆపినందుకు ఇదే తనిఖీ మొదలైంది. లోపల ఆమె కాలేజీ ప్రాజెక్టు ఉంది. మధ్యాహ్నం రెండింటికల్లా ఇవ్వాలి. ఇంకో కాపీ లేదు.

ముప్పై ఏడు శాతం దగ్గర అంకె ఆగిపోయింది. అరగంటైనా కదల్లేదు. అక్క స్విచ్ వైపు చెయ్యి చాపింది.

“ముట్టుకోకమ్మా,” అన్నాడు అప్పుడే వేట నుంచి వచ్చి వల బాగుచేస్తున్న నాన్న. “అదేటి సేత్తంది?”

“పాడైన సోట్లు ఎతుకుతంది నాన్నా.”

“అయితే వల కుట్టడమే. మద్దిలో లాగితే ఉన్న ముడులూ ఊడిపోతాయి. ఆగు.”

ఫ్యూజు ఎగిరిపోతుందని అమ్మ మిక్సీ ఆపి పచ్చడి రోట్లో నూరింది. నేను తెలిసిన దేవుళ్లందరికీ అర్జీలు పెట్టాను.

ఒంటిగంటకి నూరు శాతం అయింది. ఫైల్ తెరుచుకుంది. అక్క కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగింది.

“పొద్దున్న స్విచ్చాపింది ఎవుడ్రా?”

నేను పూల గుడ్డ మడతపెట్టడం మొదలెట్టాను.

“నానేనమ్మా, ఫేననుకుని నొక్కీసేను,” అన్నాడు నాన్న, వల మీంచి తలెత్తకుండా.

నేను స్విచ్ నొక్కిన వేళకి నాన్న పడవ ఇంకా ఒడ్డుకే రాలేదు. ఆ సంగతి అక్కకీ తెలుసు.