సాత్తూర్‌లో దిగినావిడ గొంతు

అమ్మ మెడలోంచి తీసిన థైరాయిడ్ గడ్డను మందునీళ్ళ డబ్బాలో వేసి, కోవిల్‌పట్టి ఆసుపత్రిలో నా చేతికే ఇచ్చారు. పరీక్ష చేసేది విరుదునగర్‌లో. బస్సులో డబ్బా ఒళ్ళో పెట్టుకుని అమ్మకు ఫోన్ చేశాను. ఆపరేషన్ అయినప్పటినుంచి ఆమెకు గొంతు పెగలడం లేదు. అవునంటే ఫోన్ మీద గోటితో కొడుతుంది.

"గంజి తాగితివా అమ్మా?"

టక్.

పక్కసీటు పెద్దావిడ అంతవరకూ తమిళమే మాట్లాడింది. నా తెలుగు విని, అమ్మ సంగతి అడిగి తెలుసుకుని, పసుపుతాడు జరిపి మెడమీది కోతగీత చూపించింది. "నాకూ ఇట్లే పోయె పాపా. మెల్లగా వచ్చె" అంది గుసగుసగా.

వచ్చింది ఇంతేనా, అమ్మకూ ఇంతే వస్తుందా అనుకున్నాను. ఈ తమిళ ఊళ్ళలో బయట తెలుగు మాట్లాడితే మా తెలుగువాళ్ళమంతా గొంతు తగ్గిస్తామన్న సంగతే గుర్తురాలేదు.

సాత్తూర్‌లో ఆవిడ మెట్టు దిగకముందే బస్సు కదిలింది. "వండియ నిరుత్తుప్పా!" అంటూ బండి ఆపమని తమిళంలో ఒక్క కేక వేసింది. డ్రైవరు అదిరిపడి బ్రేకు తొక్కాడు. ఆవిడ నావైపు తిరిగి, మెడ తట్టుకుని నవ్వి దిగిపోయింది.

గడ్డలో చెడ్డదేమీ లేదని తేలింది. అమ్మ గొంతూ మెల్లగా వచ్చింది. ఇప్పుడు ఆమె పిలిస్తే మొదటిసారి పలకను. రెండో పిలుపు ఇంకా గట్టిగా ఉంటుంది.